చెరిపేదెవరు, నిలిపేదెవరు?

మాది అనంతపురం జిల్లా కంబదూరు. బెంగళూరులో కంప్యూటర్ స్టోరేజీ పని చేస్తాను. ఊరి భూమి లెక్కలు రాసిన కరణాల మాటెత్తితే మా వైపు పెద్దవాళ్లు వాళ్ల పెత్తనం గురించే చెబుతారు. నాకు మాత్రం వాళ్ల లెక్కల్లో నా పనే కనిపిస్తుంది: రాసిందాంట్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

కాగితం అరుదైన రోజుల్లో మా సీమలోనూ పక్కనున్న మైసూరు దేశంలోనూ లెక్కలు రాయడానికి కడితాలు వాడేవాళ్లు. నూలుగుడ్డకు రెండు వైపులా జిగురులో కలిపిన బొగ్గుపొడి దట్టంగా పట్టించి, ఆరాక మడతలు మడతలుగా పుస్తకంలా మడిచేవాళ్లు. ఆ నల్లగుడ్డ మీద బలపంతో రాత. 1810లో మైసూరు చరిత్ర అచ్చు వేయించడం మొదలుపెట్టిన మార్క్ విల్క్స్ దీన్ని వర్ణించాడు. గంటంతో గీసిన తాటాకు కవిలె చెరగదు, కడితం తుడిస్తే పోతుంది. కడితం నిండితే తీరని బాకీలను ఇంకోచోటికి ఎత్తిరాసుకోవాలి, ఆ తర్వాతే తుడవాలి. ఈ వరస తప్పితే బాకీ గల్లంతే.

1991లో బర్క్లీలో మెండెల్ రోసెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ లాగ్ పద్ధతి ఫైల్ సిస్టమ్‌ను వివరించినప్పుడు ఎదురైన చిక్కూ ఇదే. అందులో పాతదాన్ని దిద్దరు, మార్పును చివర రాసుకుంటూ పోతారు. డిస్కు నిండిపోకుండా క్లీనర్ అనే ప్రోగ్రాం ఒక్కో భాగాన్నీ వెతికి, ఇంకా బతికున్న ముక్కలను వేరేచోట రాసి, ఆ భాగాన్ని ఖాళీ చేస్తుంది. తర్వాత జపాన్‌లో ఎన్‌టీటీ వాళ్లు చేసిన నిల్ఫ్స్ అనే ఫైల్ సిస్టమ్‌లో, అప్పటి స్థితిని పట్టి ఉంచే చెక్‌పాయింట్లు వాటంతటవే పడుతుంటాయి. మనిషి వాటిలో ఒకదాన్ని స్నాప్‌షాట్‌గా గుర్తు పెడితే, ఆ గుర్తు తీసేదాకా క్లీనర్ దాని జోలికి పోదు.

కంబదూరులో ఆ గుర్తు జమాబంది. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, థామస్ మన్రో 1807 దాకా అనంతపురం కేంద్రంగా కలెక్టరు పని చేసి రైతువారీని పాదుకొల్పాడు. రైతు పేరున పట్టా, పొలానికి లెక్క. ఫసలీ, అంటే రెవెన్యూ ఏడాది, జులై 1న మొదలవుతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పైరు అన్నీ అడంగల్ అనే ఊరి పొలాల లెక్కలో ఎక్కుతాయి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పొలం మీదికొచ్చి అజమాయిషీ చేస్తాడు. ఫసలీ ముగిశాక జమాబందిలో పైఅధికారి లెక్క చూసి సంతకం పెడితే ఆ ఏడాది లెక్కకు అక్కడితో ముడి పడినట్టే. పొలం చేతులు మారితే ఆ మార్పు తర్వాతి లెక్కల్లో ఎక్కుతుంది.

మా మెట్టలో ఆ ముడి విలువ ఎక్కువ. వేరుశెనగ విత్తిందెంత, ఎండిందెంత అన్న వివరమే ఒకప్పుడు కరువేడు శిస్తు మాఫీకి ఆధారంగా ఉండేది. డిస్కులో ఏ ఫైలుకూ, ఏ స్నాప్‌షాట్‌కూ చెందని ముక్క చచ్చినట్టు లెక్క. పొలం విషయంలో అలా కుదరదు. అమ్ముడుపోయిన చేనుకు పాత అనుభవదారు పేరు, అన్నదమ్ముల పంపకాల్లో తగువు లేస్తే, ఒక తరం తర్వాతైనా ప్రాణం పోసుకుంటుంది.

ఏ పద్దు ఎక్కడుందో కరణానికి తెలుసు. ఏది బయటికి తీయాలో, ఏది తీయకూడదో కూడా అతని చేతిలోనే ఉండేది. ఆ పట్టును తెంచడానికే 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. చేయాల్సిన పనే అది. అయితే పుస్తకాలు కచేరీకి చేరినంత తేలిగ్గా వాటిలో ఏది ఎక్కడుందన్న ఎరుక చేరలేదు. ఇప్పుడు అడంగల్ ఫోన్‌లోనే చూసుకుంటున్నాం. పాత ఫసలీల కట్టల్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్న తీరలేదు. ఆ తీర్పు ఒక మనిషి గుప్పిట్లోనూ ఉండకూడదు, యంత్రానికీ వదిలెయ్యకూడదు. జమాబందిలాగే సంతకంతో, ఏటేటా జరగాలి, అదీ ఊరందరి ముందు.