లారీ ఇంజనుకు పక్కదారి వడపోత

1892వ సంవత్సరంలో ఒకదానితో మరొకటికి సంబంధం లేని రెండు పనులు మొదలైనవి. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు తాను ఊహించిన కొత్త రకపు ఇంజనుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ఏడే నాటి విశాఖపట్టణం జిల్లాలో, నేటి విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి సమీపాన, కోడూరులో మాంగనీసు ఖనిజాన్ని తవ్వటం ఆరంభించారు. భారతదేశంలో మాంగనీసు పరిశ్రమకు అదే నాంది. డీజిల్ ఇంజను 1897లో ఆగ్స్‌బర్గులో జయప్రదంగా నడిచింది. 1923, 1924 సంవత్సరాలలో జర్మనీలోనే అది లారీకి ఎక్కింది. 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూరులో డీజిల్ లారీల తయారీ ప్రారంభించింది. డీజిల్ లారీ గనుల దారి పట్టిన నాటి నుండి ఇంజనుకు, ఖనిజపు దుమ్ముకు వైరం ఏర్పడినది.

ఈ దుమ్ము సామాన్యమైనది కాదు. కోడూరు ప్రాంతంలో మాంగనీసుతో కూడిన ఒక విచిత్రమైన శిలకు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎల్. ఎల్. ఫెర్మర్ ఆ ఊరి పేరనే ‘కోడూరైటు’ అని నామకరణం చేశాడు. గార్నెట్ జాతి ఖనిజం ఆ శిలలో ముఖ్యమైన భాగం. మోస్ కాఠిన్య మానంలో గార్నెట్ స్థానం 6.5 నుండి 7.5 వరకు ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జు స్థానం 7. చాకు ఉక్కు స్థానం సుమారు 5.5 మాత్రమే. అంటే ఈ రేణువులు ఇనుమును గీయగలవన్న మాట. 6 లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, టర్బో లేకపోయినా, నిమిషానికి సుమారు 6 ఘనమీటర్ల గాలిని పీల్చుకుంటుంది. గాలి వడపోతలో చిన్న సందు ఉన్నా ఆ దారిన దుమ్ము సిలిండరులోకి, అక్కడి నుండి కందెన నూనెలోకి చేరుతుంది.

దుమ్ము నూనెలో చేరితే వచ్చే నష్టమేమిటి? ఇంజనులో రాసుకునే రెండు లోహపు ముఖాల మధ్య ఉండే నూనె పొర చాలాచోట్ల కొద్ది మైక్రాన్ల మందమే. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నూనె పొర కంటె బాగా పెద్దదైన రేణువు ఆ సందులోకి దూరలేదు. మరీ చిన్నది తగలకుండా జారిపోతుంది. పొరంత పరిమాణం ఉన్న రేణువే సందులో ఇరుక్కుని రెండు ముఖాలనూ చెక్కుతుంది. చెక్కిన లోహపు పొడి మళ్ళీ నూనెలో కలిసి కొత్త ఆకురాయిగా తయారవుతుంది. కంటికి కనిపించే నలుసు కంటె కనిపించనిదే ఎక్కువ ప్రమాదకరమనటానికి కారణం ఇది.

తొలినాటి మోటారు ఇంజనులకు ఈ రక్షణ లేదు. పంపు మూతి దగ్గర ఒక తీగ జల్లెడ మాత్రం ఉండేది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ అనేవారు ‘ప్యూరొలేటర్’ అనే నూనె వడపోతను రూపొందించారు. అది పక్కదారి వడపోత. పంపు నుండి నూనెలో అధిక భాగం నేరుగా బేరింగులకు పోతుంది. కొద్దిభాగం మాత్రం వేరొక దారిన వడపోతలోకి వెళ్ళి, శుభ్రపడి, తిరిగి చాంబరులో పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పూర్తి ప్రవాహ వడపోత వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో బేరింగులకు పోయే నూనె అంతా ముందుగా ఫిల్టరు గుండానే పోవాలి. అయితే బేరింగులకు క్షణమైనా నూనె తక్కువ కాకూడదు గనుక ఈ ఫిల్టరు కన్నాలు మరీ సన్నగా ఉండటానికి వీలులేదు. అది మూసుకుపోతే ఒక కవాటం తెరచుకుని వడపోయని నూనెనే పంపుతుంది. మురికి నూనె అయినా అసలు లేకపోవటం కంటె నయం కదా!

ఇంతలో నూనె స్వభావం కూడ మారినది. మన పల్లెలలో బురద నీటిని తేర్చటానికి కుండలో చిల్లగింజను అరగదీసేవారు. అప్పుడు మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతవి. నేటి డీజిల్ ఇంజను నూనెలో కలిపే ద్రవ్యాలు సరిగా దీనికి విరుద్ధమైన పని చేస్తవి. మసి కణాలను ఒకదానితో ఒకటి కలవనీయక, మైక్రాను కంటె చిన్నవిగా విడివిడిగా తేలుతూ ఉంచుతవి. అందువల్ల ఇంజనులో మడ్డి పేరుకోదు గాని, ఆ మసి పూర్తి ప్రవాహ ఫిల్టరుకు చిక్కదు. నూనె మెరుగైనకొద్దీ వడపోత పని కష్టమైనది. పాతదైన పక్కదారి పద్ధతికి మళ్ళీ ప్రాముఖ్యం వచ్చినది ఇందువల్లనే.

కొద్దిభాగాన్ని వడపోస్తే మొత్తం నూనె ఎట్లా శుభ్రపడుతుంది? చాంబరులో 16 లీటర్ల నూనె ఉండి, నిమిషానికి 2 లీటర్లు పక్కదారిన పోతున్నదనుకోండి. 8 నిమిషాలలో 16 లీటర్లు ఫిల్టరు దాటుతవి. కాని శుభ్రమైన నూనె తిరిగి మురికి నూనెలోనే కలుస్తుంది గనుక, ఆ సమయానికి నూటికి 37 పాళ్ళ నూనె ఒక్కసారి కూడ ఫిల్టరును చూడదు. 24 నిమిషాలకు అది 5 పాళ్ళకు, 40 నిమిషాలకు ఒక పాలు కంటె తక్కువకు దిగుతుంది. నెమ్మదిగా పోతుంది గనుకనే ఈ ఫిల్టరు అతి సన్నని రేణువులను పట్టుకోగలదు. 1988లో అమెరికా ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘం ప్రచురించిన ఒక పరిశోధనలో, 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టరు అరుగుదలను 50 శాతం, 15 మైక్రాన్ల ఫిల్టరు 70 శాతం తగ్గించినట్లు తేలినది.

పక్కదారి ఫిల్టర్లలో ప్రధానంగా రెండు రకాలున్నవి. ఒకటి దట్టంగా చుట్టిన కాగితం, లేదా నూలు వంటి పీచుతో చేసినది. ఇది నిండగానే తీసివేసి కొత్తది పెట్టాలి. రెండవది అపకేంద్ర బలంతో పనిచేసేది. 1878లో స్వీడను దేశస్థుడు గుస్తాఫ్ ద లావాల్ పాల నుండి మీగడను వేరుచేయటానికి కనిపెట్టిన యంత్రపు సూత్రమే దీనికీ ఆధారం. నూనె ఒత్తిడితోనే గిన్నె వేగంగా తిరుగుతుంది. బరువైన మురికి గోడకు గట్టిగా అంటుకుంటుంది. దీనిలో మార్చవలసిన కాగితం లేదు గాని, గిన్నె విప్పి కడగటం తప్పదు. ఊళ్ళో దొరకని కాగితం చుట్టను కోరే ఫిల్టరు కంటె, దొరికే విడిభాగాలు గల ఫిల్టరే లారీ యజమానికి మేలు.

ఏది ఎన్నుకున్నా గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నవి. పక్కదారిలో ప్రవాహాన్ని అదుపుచేసే సన్నని రంధ్రం ఉండితీరాలి. నూనె త్వరగా శుభ్రపడుతుందన్న ఆశతో దానిని పెద్దది చేస్తే బేరింగుల దగ్గర ఒత్తిడి పడిపోతుంది. గొట్టం చట్రానికి రాసుకోకుండా బిగించాలి. అది పగిలితే చాంబరు ఖాళీ అయి ఇంజను పట్టేస్తుంది. కొంతదూరం నడిచిన తరువాత కూడ కాగితపు ఫిల్టరు డొక్కు చల్లగానే ఉంటే నూనె అందులోకి పోవటం లేదని అర్థం. అపకేంద్ర ఫిల్టరు బాగుంటే ఇంజను ఆపిన తరువాత కూడ కాసేపు గిన్నె తిరిగే రొద వినిపిస్తుంది. కొత్త చుట్ట వేసినప్పుడు అది పీల్చుకునే నూనెను అదనంగా పోయాలి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పక్కదారి ఫిల్టరు పెడితే నూనె మార్చనక్కరలేదని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు. ఫిల్టరు రేణువులను పట్టుకోగలదు గాని, నూనెలో కలిసిన డీజిలును, రేడియేటరు నీటిని వేరుచేయటానికి మామూలు ఫిల్టరుకు శక్తి చాలదు. ఖర్చయిపోయిన రసాయన ద్రవ్యాలను అది తిరిగి ఇవ్వలేదు. నూనెను ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తయారీదారు సలహాను అనుసరించి మాత్రమే గడువు పొడిగించాలి. ఆ పరీక్షలో సిలికాను పెరుగుతున్నట్లు కనిపిస్తే సాధారణంగా దుమ్ము లోపలికి వస్తున్నదని గుర్తు. అప్పుడు ముందు బాగుచేయవలసినది గాలి ఫిల్టరును, దాని గొట్టపు బిగింపులను.

అప్పు తెచ్చి లారీ కొన్నవానికి ఇంజను బోరుకు రావటమంటే పెద్ద ఖర్చే గాక, బండి రోజుల తరబడి షెడ్డులో నిలవటం కూడ. ఆ రోజుల్లోనూ వాయిదా మాత్రం ఆగదు. దుమ్మును గుమ్మం వద్దనే ఆపటం మొదటి రక్షణ. తప్పించుకు వచ్చినదానిని పక్కదారిలో పట్టుకోవటం రెండవది. మొదటిదాన్ని విడిచి రెండవదానిపై డబ్బు పెట్టటం, కప్పు కారుతుండగా నేల తుడుచుకోవటం వంటిది.