గౌతమి ఫాంటూ, మా బాబాయి పేపరూ

చిన్నప్పుడు రావులపాలెంలో నాకో డ్యూటీ ఉండేది. పొద్దున్నే మా బాబాయికి పేపరు చదివి వినిపించడం. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో టెలిఫోను ఆపరేటరు, ఇంగ్లీషు బాగా వచ్చు. ఆఫీసు కంప్యూటర్లో ఇంగ్లీషు వార్తలు తనంతట తనే వినేవాడు. తెలుగుకి మాత్రం నేనే దిక్కు. స్కూలుకి లేటవుతోందని రెండు వార్తలు మింగేస్తే "ఒరేయ్, క్రికెట్టు పేజీ తప్ప మిగతావి నీక్కూడా కనపడవేంట్రా?" అనేవాడు. ఇంగ్లీషు చదివే కంప్యూటరు తెలుగెందుకు చదవదో ఇంజనీరింగులో చేరాక గానీ నాకు అర్థం కాలేదు.

ముందు స్క్రీన్ రీడర్ సంగతి చూద్దాం. డాస్ రోజుల్లో పని తేలిక. తెరంటే 25 వరసలు, వరసకి 80 అక్షరాలు. అవి మెమరీలో అక్షరాలుగానే ఉండేవి, తీసి గొంతుకి అందిస్తే సరిపోయేది. ఐబీఎమ్‌లో జిమ్ థాచర్ 1980లలో చేసింది ఇదే. మోటారు సైకిలు రేసర్ టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, ప్రోగ్రామింగ్ నేర్చుకుని, కంపెనీ పెట్టి 1989లో డాస్‌కి 'జాస్' తెచ్చాడు. విండోస్ వచ్చేసరికి తెరంతా చుక్కల బొమ్మ అయిపోయింది. విండోస్ ఏం గీస్తోందో మధ్యలో పట్టుకుని, పక్కన తెరకి ఇంకో నమూనా కట్టుకోవాల్సి వచ్చింది. ఆ అవస్థలన్నీ పడి 1995లో విండోస్ జాస్ వచ్చింది, ఖరీదు వందల డాలర్లు! 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఎన్వీడీయే మొదలుపెట్టాడు. తనతో కలిసిన జేమ్స్ టే లాగే తనకీ చూపు లేదు. పైథాన్‌లో రాశారు, ఉచితం, సోర్సు కూడా మన చేతికే.

వెబ్ పేజీ దగ్గర ఇబ్బంది ఇంకో రకం. కన్ను ఎక్కడికైనా దూకుతుంది, చెవి వరసలోనే పోవాలి. అందుకే స్క్రీన్ రీడర్ పేజీ మొత్తాన్ని ఒక పొడుగాటి పాఠంలా పరుచుకుని, దూకడానికి మీటలు ఇస్తుంది. హెచ్ నొక్కితే తర్వాతి హెడ్డింగు, కె నొక్కితే లింకు, టి నొక్కితే టేబులు, బి నొక్కితే బటను. మనం హెడ్డింగుని హెడ్డింగులా రాయకుండా అక్షరం లావు చేసి వదిలేస్తే హెచ్ నొక్కినవాడికి అది లేనట్టే. నా మొదటి ఉద్యోగంలో నేను రాసిన పేజీని బాబాయి చేత తెరిపించాను, గొప్పగా. "బటన్.. బటన్.. బటన్.." అంది. ఐకాన్లకి పేర్లు పెట్టలేదు మరి. "ఏది నొక్కమంటావు బాబూ?" అన్నాడు. సిగ్గేసింది.

ఇక తెలుగు. యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు వచ్చింది, పేరు గౌతమి. మా ఊరి పక్కన పారే గోదారి పాయ పేరే! కానీ మన పత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. లోపల ఉండేవి లాటిన్ అక్షరాల కోడ్లు, పైకి కనిపించేవి తెలుగు బొమ్మలు. కంటికి ఏ తేడా ఉండదు. స్క్రీన్ రీడర్ చదివేది కోడుని, బొమ్మని కాదు. దానికి ఆ పేజీ అంతా అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు. నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ కోసం రాసిన 'పద్మ' అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చేది. దాని విలువ అప్పట్లో ఎంతమంది గుర్తించారో గానీ, నా దృష్టిలో అది చాలా పెద్ద పని. తర్వాత పత్రికలు కూడా ఒక్కొక్కటిగా మారాయి.

కోడు సరిగ్గా ఉన్నా గొంతు కూడా ఉండాలి. ఎన్వీడీయేతో వచ్చే ఈస్పీక్‌కి తెలుగొచ్చు. యాస మాత్రం అచ్చం రోబోదే. ఇప్పుడు ఫోన్లలో అంతకంటే మంచి తెలుగు గొంతులున్నాయి. అన్నట్టు, పేజీలో భాష తెలుగని చెప్పడం మర్చిపోకండి. చెప్పకపోతే ఇంగ్లీషు గొంతే కుస్తీ పడుతుంది, లేదా మన అక్షరాలు వదిలేసి ముందుకి పోతుంది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. బాబాయి ఆ వార్త ఫోన్లో తనే విని నాకు చెప్పాడు. ఆమధ్య ఇంటికెళ్ళినప్పుడు, వాట్సాప్‌లో వచ్చిన ఒక తెలుగు పీడీఎఫ్ తెరిచి నా చేతిలో పెట్టాడు. అను ఫాంట్లలో చేసింది. ఫోను ఏవేవో గొణుగుతోంది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొత్తం చదువు, మింగకు" అన్నాడు.