కోలారు బంగారం, లండను షేర్లు, మన కమ్యుటేషన్ సొమ్ము

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. ట్రెజరీలో ముప్పైఆరేళ్ళు గుమాస్తాగా బిల్లులు సరిచూసినవాడిని. నాకు తెలిసిన చరిత్ర లెక్కల చరిత్రే. కనుక బంగారు గనుల షేర్ల లెక్క ఒకటి మీ ముందు పెడుతున్నాను.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఉద్యోగం చేసే మా అల్లుడు, మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వచ్చాడు. దర్శనమై బస్సులో కొండ దిగుతుండగా, "మామయ్యా, బ్యాంకు వడ్డీతో ఏం మిగులుతుంది? అక్కడ బంగారు గనుల షేర్లు బాగా పెరుగుతున్నాయి. మీ డిపాజిట్లో ఐదు లక్షలు ఇవ్వండి, నేను పెడతాను" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించేటప్పుడు నాకు ముందుగా మా పెద్దనాయన గుర్తుకు వచ్చాడు.

కుప్పం దగ్గర మా పల్లె నుండి ఆయన కోలారు బంగారు గనులకు పనికి పోయాడు. అప్పట్లో మన పడమటి మండలాల నుండి అట్లా పోయినవారు ఎందరో. బంగారుపేటలో రైలు మారి మారికుప్పంలో దిగేవారు. ఆ గనులు ఎట్లా మొదలైనవో తెలుసుకుంటే షేర్ల సంగతి చాలావరకు బోధపడుతుంది.

1879లో వైనాడు కొండల్లో బంగారం ఉన్నదీ లేనిదీ చూడడానికి బ్రిటిషు ప్రభుత్వం ఆస్ట్రేలియా నుండి బ్రౌ స్మిత్ అనే నిపుణుణ్ణి పిలిపించింది. ఆయన విక్టోరియా రాష్ట్రంలో గనుల శాఖ కార్యదర్శిగా చేసినవాడు. 1880లో ఆయన ఇచ్చిన నివేదిక ఆశాజనకంగా ఉండటంతో లండనులో జనం ఎగబడ్డారు. రెండేళ్ళు తిరగకముందే దాదాపు 40 కంపెనీలు లేచాయి. కాగితం మీద వాటి మూలధనం 50 లక్షల పౌన్లు. బంగారం మాత్రం ఖర్చులకు కూడా చాలనంత వచ్చింది. వైనాడులో బంగారం లేకపోలేదు, షేరు కొన్న ధరకు తగినంత లేదు.

అదే ఊపులో 1880లో మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ కూడా లండనులో పుట్టింది. అంతకుముందు 1873లో లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు కోలారులో తవ్వుకోవడానికి మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. ఆయన న్యూజిలాండు యుద్ధంలో పనిచేసి వచ్చి బెంగుళూరులో స్థిరపడినవాడు. కంపెనీ మూడు నాలుగేళ్ళు తవ్వినా ఫలితం లేక సొమ్ము అడుగంటింది. మూసేద్దామని కొందరు వాటాదారులు పట్టుబట్టారు. మిగిలిన కాస్త డబ్బుతో ఇంకొక ప్రయత్నం చేద్దామని జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నచ్చజెప్పింది. అప్పుడు దొరికినదే చాంపియన్ రీఫ్ అనే బంగారు పొర. ఓర్చుకున్న వాటాదారులకు తరువాత ఏళ్ళ తరబడి డివిడెండ్లు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ వాటాదారులు ఆగగలిగినవారు. ఆ సొమ్ము పోయినా వారి ఇంట్లో పొయ్యి ఆరిపోదు. మధ్యలో భయపడి అమ్ముకున్నవారికి మాత్రం కోలారు కూడా వైనాడే.

మా పెద్దనాయన దగ్గర ఒక్క షేరు కూడా లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గుతూ ఊరికి తిరిగివచ్చి చనిపోయాడు. గనులు 1956లో మైసూరు రాష్ట్రానికి, 1962లో కేంద్రానికి వచ్చాయి. చివరికి టన్ను రాతికి దాదాపు 3 గ్రాములే దొరుకుతుండగా 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనులవి. వాటితోపాటు మన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గని కూడా ఆగిపోయింది.

ఆస్ట్రేలియా కథ కూడా ఇదే తీరు. 1969 సెప్టెంబరులో పొసైడన్ అనే చిన్న కంపెనీ షేరు 80 సెంట్లు. నికెల్ దొరికిందన్న వార్తతో 1970 ఫిబ్రవరికి 280 డాలర్లకు పోయింది. నికెల్ నిజంగానే ఉంది. కానీ 1974లో ఉత్పత్తి మొదలయ్యేనాటికి ఖనిజం అనుకున్నంత మేలైనది కాదని తేలింది, నికెల్ ధర కూడా పడిపోయింది. చివర్లో కొన్నవారు మునిగిపోయారు.

ఇంత తెలిసినవాడు జాగ్రత్తపడి ఉంటాడని మీరనుకోవచ్చు. నేను ఇదంతా చదివింది దెబ్బ తిన్న తరువాత. 2006లో రిటైరై కమ్యుటేషన్ సొమ్ము తీసుకున్నాను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటినపుడు, ఒక బ్రోకరు మాట విని ఇంట్లో చెప్పకుండా లక్షన్నర రూపాయలు షేర్లలో పెట్టాను. అందులో సగం ఒక గనుల కంపెనీలో. అదే అక్టోబరులో సూచీ ఒక దశలో 8,000 దిగువకు జారింది. ఆ సమయంలోనే మా ఇంటావిడకు కంటి ఆపరేషను అవసరమైంది. షేర్లు నలభై వేలకు అమ్మి, చాలక తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నాను. అప్పుడు ఆమెకు చెప్పక తప్పలేదు. ఆమె కోపగించుకోలేదు. "అడిగివుంటే వద్దనేదాన్ని కదా" అన్నది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

తరువాత మార్కెట్టు కోలుకుంది. ఆగగలిగినవారిలో చాలామందికి డబ్బు తిరిగివచ్చింది. నేను ఆగలేకపోయాను. షేర్లు మంచివా చెడ్డవా అన్న తగువు నాకు లేదు. హైదరాబాదులోని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్.ఎమ్.డి.సి. కూడా 2011-12లో పెర్త్ నగరంలోని లెగసీ ఐరన్ ఓర్ కంపెనీలో సగం వాటా కొన్నది. అంత పెద్ద సంస్థ ఏళ్ళ తరబడి ఓపిక పట్టగలదు. నెలనెలా పెన్షను కోసం చూసే డెబ్బై ఏడేళ్ళ మనిషికి అంత కాలం ఎక్కడిది?

అల్లుడికి ఈ లెక్కంతా వివరించి, "నాయనా, నీ వయసులో నీ జీతంలో మిగిలింది పెట్టుకో, అది ఆగగల సొమ్ము. నాది ఆసుపత్రి సొమ్ము" అన్నాను. అతను కాసేపు ఊరుకుని, "నిజమే మామయ్యా" అన్నాడు.

ఈసారి ఆ మాటలన్నీ మా ఇంటావిడ ఎదుటే జరిగాయి. మన సభ్యులలో కొత్తగా రిటైరైనవారికి నా మనవి కూడా అదే. కమ్యుటేషన్ సొమ్ము ఎక్కడ పెట్టినా, ముందు ఇంట్లో చెప్పి పెట్టండి.