హేగ్‌లో ఆడవాళ్లు ఏం సాధించారు?

సోదరీమణులారా, నలుగురు వీధిలోకొచ్చి వద్దన్నంత మాత్రాన యుద్ధం ఆగుతుందా అని అడుగుతూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కోసం ఒకసారి 1915కి వెళదాం.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై తొమ్మిది నెలలు. హాలండు ఆ యుద్ధంలో చేరలేదు. ఆ దేశపు మొదటి లేడీ డాక్టరు అలెట్టా జేకబ్స్ పూనుకుని, తోటివారితో కలిసి హేగ్ నగరంలో మహిళా మహాసభ ఏర్పాటు చేసింది. అమెరికా నుంచి వచ్చిన జేన్ ఆడమ్స్ అధ్యక్షురాలు. ఏప్రిల్ 28న మొదలైన ఆ సభకు 12 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా స్త్రీలు వచ్చారు.

రావడం తేలికేం కాదు. బ్రిటన్ నుంచి సుమారు 180 మంది బయలుదేరబోతే ఓడల రాకపోకలే ఆపేశారు. చివరికి ముగ్గురే చేరగలిగారు. పత్రికలు ఎగతాళి చేశాయి. అయినా జర్మనీ ఆడవాళ్లూ, ఆ జర్మనీ సైన్యం ఆక్రమించిన బెల్జియం ఆడవాళ్లూ ఒకే హాల్లో కూర్చున్నారు!

వాళ్లు కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోలేదు. తటస్థ దేశాలు మధ్యవర్తిత్వం చెయ్యాలనీ, అక్కడి ప్రజలు ఒప్పుకోకుండా ఏ ప్రాంతాన్నీ చేతులు మార్చకూడదనీ, స్త్రీలకు ఓటుండాలనీ తీర్మానించారు. ఆ కాగితాలు పట్టుకుని రెండు పక్షాల రాజధానులకూ వెళ్లి మంత్రులతో మాట్లాడారు.

యుద్ధం ఆగిందా? లేదు. 1918 నవంబరు దాకా సాగింది. దాదాపు 90 లక్షలమంది సైనికులు పోయారు. మన దేశం నుంచి సముద్రాలు దాటి వెళ్లిన పది లక్షలమందికి పైగా సైనికుల్లోనూ వేలమంది తిరిగి రాలేదు.

మరి లాభమేమిటి? 1919లో ఆ స్త్రీలే జ్యూరిక్‌లో మళ్లీ కలిశారు. ఓడిన జర్మనీమీద పెడుతున్న షరతులు ద్వేషాన్ని పెంచి మరో యుద్ధానికి దారితీస్తాయని హెచ్చరించారు. పెద్దలు వినలేదు. ఇరవై ఏళ్లకే, 1939లో, ఏమైందో మనకు తెలిసిందే. ఆ సభలోనే, జర్మనీ సైన్యం పాడుచేసిన ప్రాంతం నుంచి ఫ్రెంచివనిత జాన్ మెలాన్ ఆలస్యంగా వస్తే, జర్మన్ వనిత లిడా హైమన్ పువ్వులతో ఎదురేగి చేతులు పట్టుకుంది. ఏ ప్రభుత్వమూ అప్పటికి చెయ్యలేని పని అది.

అమ్మా, నిరసన అన్నది మందుబిళ్ల కాదు, వేసుకోగానే తగ్గడానికి. ప్రజలంతా యుద్ధమే కోరుతున్నారన్న పాలకుల మాట నిజం కాదని అది బయటపెడుతుంది. సంధి ఎలా ఉండాలో ముందే ఆలోచించి పెడుతుంది. రేపు యుద్ధం వీరగాథలు పిల్లలకు చెప్పేటప్పుడు, ఈ హేగ్ కథ కూడా పక్కన చెప్పండి.