ఆలస్యంగా అందిన గుర్తింపు: సల్వా రౌదా షుకైర్ శిల్పాలు - అరబ్బీ పద్య నిర్మాణం

ఉపోద్ఘాతం

2013 ఏప్రిల్‌లో లండన్‌లోని టేట్ మోడరన్ కళా సంగ్రహాలయం లెబనాన్ దేశపు శిల్పి, చిత్రకారిణి సల్వా రౌదా షుకైర్ కృషిని సమగ్రంగా ప్రదర్శించింది. 1916లో బేరూత్ నగరంలో జన్మించిన షుకైర్ అప్పటికి 97వ ఏట ఉన్నారు. ఇంత ఆలస్యంగా అందిన గుర్తింపును కళాలోకం తరచుగా ‘కనుగొనడం’ అని వ్యవహరిస్తుంది. ఆ మాట సమంజసమేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన మొదటి ప్రశ్న. ఇటువంటి కళను ప్రపంచానికి తెలియజేయడానికి ప్రదర్శనశాల ఒక్కటే సరిపోతుందా అన్నది రెండవ ప్రశ్న. అరబ్ కళాకారులను అంతర్జాతీయ ప్రేక్షకులకు పరిచయం చేసేటప్పుడు వారి కళకు ఆధారమైన సాహిత్య సంప్రదాయాన్ని కూడా పరిచయం చేయవలసి ఉంటుందని షుకైర్ ఉదాహరణ ద్వారా ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

బేరూత్ నుంచి పారిస్, మళ్లీ బేరూత్

షుకైర్ ముస్తఫా ఫర్రూఖ్, ఒమర్ ఒన్సీ అనే లెబనాన్ చిత్రకారుల వద్ద తొలి పాఠాలు నేర్చుకొన్నారు. 1943లో ఆమె కైరో వెళ్లినప్పుడు యుద్ధం కారణంగా అక్కడి సంగ్రహాలయాలు మూతపడి ఉన్నాయి. ఆ కారణంగా నగర వీధులలోని ఇస్లామీయ కట్టడాలే ఆమెకు పాఠశాల అయినాయి. 1947లో బేరూత్‌లో తన జ్యామితీయ చిత్రాలను ప్రదర్శించారు. అరబ్ ప్రపంచంలో జరిగిన తొలి అమూర్త చిత్రప్రదర్శనగా దీనిని పలువురు పేర్కొంటారు. ఆ మరుసటి సంవత్సరం పారిస్ వెళ్లి, ఫెర్నాండ్ లెజే చిత్రశాలలో కొంతకాలం పనిచేసి, 1951లో స్వదేశానికి తిరిగి వచ్చారు.

ఈ కాలక్రమం గమనింపదగినది. అమూర్తత ఆమెకు పారిస్‌లో అబ్బిన విద్య అయితే ఆమె ఐరోపా ఉద్యమానికి ఆలస్యంగా వచ్చిన అనుయాయి మాత్రమే అవుతారు. కాని బేరూత్ ప్రదర్శన పారిస్ ప్రయాణానికి ముందే జరిగింది. 1974లో బేరూత్‌లోనే ఆమె కృషిపై సింహావలోకన ప్రదర్శన కూడా జరిగింది. స్వదేశం ఎరిగిన కళాకారిణిని ప్రపంచం తరువాత ‘కనుగొన్నది’ అనడంలో ఔచిత్యం తక్కువ. 1975లో మొదలైన అంతర్యుద్ధం 1990 వరకు కొనసాగి, ఆ నగరపు కళాజీవనాన్ని ఛిన్నాభిన్నం చేసింది. ఆమె చిత్రించిన ‘రెండు = ఒకటి’ అనే పటం బాంబుదాడిలో చిల్లులు పడగా, గాజుపెంకులు దానిలో గుచ్చుకొని ఉండిపోయాయి. టేట్ ప్రదర్శనలో ఆ పటాన్ని అదే స్థితిలో ఉంచారు.

పద్య నిర్మాణం - శిల్ప నిర్మాణం

షుకైర్ శిల్పాలలో ‘పద్యం’ అనే పేరుగల వరుస ఒకటి ఉంది. వీటిలో చెక్క, రాయి, లోహం వంటి పదార్థాలతో చేసిన ఖండాలు ఒకదానిలో ఒకటి అమరి ఒక రూపంగా నిలుస్తాయి. ఏ ఖండాన్ని విడదీసి చూసినా అది స్వయంసంపూర్ణంగా ఉంటుంది. ఈ అమరికకు మూలం అరబ్బీ ఛందోమర్యాదలో ఉంది. ప్రాచీన అరబ్బీ దీర్ఘకావ్యమైన ఖసీదాలో ప్రతి పద్యపాదాన్నీ ‘బైత్’ అంటారు. ఆ మాటకు ఇల్లు అని కూడా అర్థం. బైత్‌లో సగభాగం ‘మిస్రా’. అంటే తలుపు రెక్క. రెండు రెక్కలు కలిసి ఇల్లవుతుంది. ఖసీదా అంతటా ఒకే అంత్యప్రాస నడిచినా, ఏ బైత్‌కు ఆ బైత్ అర్థంలో పూర్ణంగా ఉండాలన్నది ఆదర్శం. ఒక బైత్‌లోని వాక్యం తరువాతి బైత్‌లోకి పొర్లడాన్ని సంప్రదాయ లాక్షణికులు దోషంగా పరిగణించారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ముక్తకం స్ఫురించడం సహజం. శతకంలోని ప్రతి పద్యం తనంత తాను నిలుస్తూనే మకుటం ద్వారా మొత్తంతో ముడిపడి ఉంటుంది. ఖసీదా, శతకం భిన్న సంప్రదాయాలకు చెందినవే అయినా, భాగానికీ మొత్తానికీ మధ్య ఉన్న ఈ సంబంధం వలన షుకైర్ శిల్పం మనకు త్వరగా బోధపడుతుంది. మన విమర్శలో ‘శిల్పం’ అనే మాట రాతిపనికీ, కావ్యరచనకూ సమానంగా చెల్లుతుంది. షుకైర్ ఆ రెండు అర్థాలనూ ఒకే వస్తువులో కలిపారని చెప్పవచ్చు. ఆమె తివాచీలకు, ఆభరణాలకు, గృహోపకరణాలకు కూడా రూపకల్పన చేశారు. నిత్యోపయోగ వస్తువుకూ కళాఖండానికీ ఆమె గిరిగీయలేదు.

పరిచయ వేదికలు

అరబ్ కళకు అంతర్జాతీయ వేదికలు క్రమంగా ఏర్పడ్డాయి. పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థ 1980లో ఏర్పడి, 1987లో ప్రజలకు తెరుచుకొంది. షార్జా ద్వైవార్షిక ప్రదర్శన 1993లో ఆరంభమైంది. 2006లో బ్రిటిష్ మ్యూజియం ఆధునిక మధ్యప్రాచ్య కళలో లిపికి గల స్థానాన్ని చూపే ప్రదర్శనను నిర్వహించింది. 2010లో దోహాలో ‘మత్హఫ్’ అనే ఆధునిక అరబ్ కళా సంగ్రహాలయం వెలసింది.

లిపి ప్రధానంగా గల చిత్రం చూపరికి తన అరబ్ మూలాన్ని వెంటనే తెలుపుతుంది. అరబ్బీ చదువరాని వారు కూడా ఆ అక్షరాల వంపును గుర్తిస్తారు. షుకైర్ శిల్పాలలో ఈ సౌలభ్యం లేదు. వాటిలో అరబ్బీతనం నిర్మాణ సూత్రంలో ఇమిడి ఉంది. పైపై గుర్తుల కోసం వెదికే చూపరికి అది కనిపించదు. ఐరోపా అమూర్త కళ మాత్రమే తెలిసిన చూపరికి లెజే శిష్యురాలు కనిపిస్తుంది. ఆమె గుర్తింపు ఆలస్యం కావడానికి యుద్ధంతో పాటు ఈ రెండు చూపుల మధ్య ఏర్పడిన ఖాళీ కూడా కారణమని భావించవచ్చు.

ముగింపు

షుకైర్ 2017 జనవరిలో, నూరేళ్లు నిండిన తరువాత, కన్నుమూశారు. జీవించి ఉండగానే అంతర్జాతీయ గుర్తింపు అందడం సంతోషకరమే అయినా, ఆమె ఉదాహరణ పరిచయకర్తల బాధ్యతను గుర్తుచేస్తుంది. శిల్పం పక్కన కళాకారిణి పేరు, సంవత్సరం, పదార్థం రాస్తే పరిచయం పూర్తికాదు. బైత్ అంటే ఏమిటో రెండు వాక్యాలలో చెబితే అదే శిల్పం మరొక విధంగా కనిపిస్తుంది. ఆ రెండు వాక్యాలు రాయగలిగినవారు సాహిత్య విద్యార్థులు. అందువలన కళాచరిత్రలో సాహిత్య పరిశోధకుల పాత్ర అతిథి పాత్ర కారాదు. మన పద్యాన్ని ఇతర భాషలవారికి అందించదలచిన వారికి కూడా ఇది ఆలోచింపదగిన అంశం.