సోలార్ సైకిల్ ట్రైలరు: కోరుకొండ ఎండ, ప్లేట్ల వైరింగ్

ఎలక్ట్రిక్ సైకిలు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న బండికి పైకప్పుగా సోలార్ ప్లేట్లు బిగిస్తే అది సోలార్ ట్రైలరు. ఒకటో రెండో చక్రాలు, ఇనుప పైపులతోనో అల్యూమినియంతోనో ఒక చట్రం, సీటు కిందో వెనక ఇరుసు దగ్గరో తగిలే కొక్కెం. నిర్మాణం ఇంతే. కంపెనీలు తయారుచేసి అమ్మేవి తక్కువ. ఎక్కువ భాగం ఎవరికి వారు వెల్డింగ్ షాపులో పైపు కోయించి కట్టుకున్నవే. చట్రంలో లోపముంటే బండి ఊగుతుంది, చప్పుడు చేస్తుంది, ముందే తెలిసిపోతుంది. వైరింగులో లోపం అలా చెప్పి రాదు. ఈ వ్యాసంలో వైరింగుకే ఎక్కువ చోటు దక్కడానికి కారణం అదే.

లెక్కలన్నిటికీ తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ ఆధారం. రాజమహేంద్రవరం నుంచి గోకవరం వెళ్లే దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరాన, లక్ష్మీనరసింహస్వామి కొండ ఉన్న ఊరిది. సైనిక్ స్కూలు ఉన్న విజయనగరం జిల్లా కోరుకొండ వేరు. డెల్టా అంచు దాటిన మెట్ట కాబట్టి ఇక్కడ ఎండకు కొదవ లేదు.

పూర్వరంగం

సోలార్ సైకిలు మొదట ఎవరు కట్టారన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. వేర్వేరు దేశాల ఔత్సాహికులు ఇంచుమించు ఒకే కాలంలో ప్రయత్నించినట్టు కనిపిస్తుంది. పెద్ద వాహనాల చరిత్ర కొంత స్పష్టం: హాన్స్ థోల్‌స్ట్రప్, లారీ పెర్కిన్స్ కలిసి ఒక సోలార్ కారులో 1982 డిసెంబరులో పెర్త్‌లో బయలుదేరి 1983 జనవరిలో సిడ్నీ చేరారు. సోలార్ సైకిళ్ల దూరయాత్రలకు ప్రచారం తెచ్చింది మాత్రం 2013లో ఫ్రాన్స్ నుంచి కజకిస్థాన్ రాజధాని అస్తానా దాకా సాగిన ‘సన్ ట్రిప్’ అనుకోవచ్చు.

మన దేశంలో 2008 అక్టోబరు 2న ఢిల్లీలో ‘సోలెక్షా’ అనే రిక్షాను ప్రారంభించారు. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దాన్ని రూపొందించింది. అందులో ప్లేట్లు బండి మీద ఉండవు. సోలార్ కేంద్రంలో ఛార్జి చేసిన బ్యాటరీని తెచ్చి మార్చుకోవాలి. ప్లేట్లను వెంట తీసుకెళ్లే పద్ధతికి మనకు దగ్గరి ఉదాహరణ సుశీల్ రెడ్డి. ఐఐటీ బొంబాయిలో చదివిన ఈయన 2016 మే నుంచి జులై దాకా 79 రోజుల పాటు ‘సన్‌పెడల్ రైడ్’ పేరుతో సోలార్ ఎలక్ట్రిక్ సైకిలు మీద ముంబయిలో బయలుదేరి ముంబయికే తిరిగి వచ్చారు. దూరం సుమారు 7,424 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు నమోదైంది. మే నెల ఎండలో మొదలైన ప్రయాణం జులై వానల్లో ముగిసింది. వైరింగుకు ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు.

ఎండ లెక్క

కోరుకొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకని ప్లేట్లను ఐరోపా వాళ్లలా వాల్చి కట్టే పని లేదు. పడుకోబెట్టి బిగిస్తే సరిపోతుంది, లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు గాలి కింద దూరి బండిని ఎత్తేసే భయమూ తగ్గుతుంది. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు కొంత రాబడి పోతుంది.

చదరపు మీటరుకు రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ అనుకుంటే, 100 వాట్ల ప్లేట్లు రెండు ఆదర్శంగా ఒక యూనిట్ కరెంటు ఇవ్వాలి. దుమ్ము, వేడి, చెట్ల నీడ తీసేస్తే చేతికి వచ్చేది 600 నుంచి 650 వాట్-అవర్లు. ట్రైలరు లాగే సైకిలు కిలోమీటరుకు 12 నుంచి 15 దాకా తింటుంది. అంటే 40 నుంచి 50 కిలోమీటర్లు. కోరుకొండ నుంచి రాజమండ్రి వెళ్లి రావడానికి సరిపోతుంది, పెద్దగా మిగలదు. ముసురు పట్టిన రోజున ఈ లెక్క పనికిరాదు.

సిరీసా, ప్యారలలా

36 సెల్లులుండే 100 వాట్ల ప్లేటు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 22 వోల్టులు, పనిచేసేటప్పుడు 18 వోల్టులు చూపిస్తుంది. షార్టు చేసినా 6 ఆంపియర్లకు మించి ఇవ్వదు. 36 వోల్టులని పిలిచే లిథియం బ్యాటరీ నిండితే 42. 48 వోల్టులది నిండితే 54.6. ప్లేటు వోల్టేజి తక్కువ, బ్యాటరీది ఎక్కువ కాబట్టి మధ్యలో వోల్టేజి పెంచే రకం, అంటే బూస్ట్ ఎంపీపీటీ కంట్రోలర్ ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం చేసిన మామూలు సోలార్ కంట్రోలర్ లిథియానికి తగదు. అది తన అలవాటు ప్రకారం మధ్యమధ్య వోల్టేజి పెంచి ‘ఈక్వలైజ్’ చేయబోతుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. రెండు ప్లేట్లను సిరీస్‌లో కలిపితే 44 వోల్టులు. 36 వోల్టుల బ్యాటరీ నిండేది 42 దగ్గర. బూస్ట్ రకం కంట్రోలర్‌లో ప్లేటు నుంచి బ్యాటరీ దాకా డయోడు గుండా తిన్నగా దారి ఉంటుంది. ప్లేట్ల వోల్టేజి బ్యాటరీ కంటే ఎక్కువైతే కంట్రోలర్ ఆపుదామన్నా ఆపలేదు. బ్యాటరీ నిండాక కూడా కరెంటు పోతూనే ఉంటుంది. అప్పుడు అడ్డుపడేది బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూటు, అంటే బీఎంఎస్ ఒక్కటే. బీఎంఎస్ ఆఖరి కాపలాదారు, రోజూ ఛార్జింగు ఆపే పని దానిది కాదు. కనుక 36 వోల్టుల బ్యాటరీకి రెండు ప్లేట్లూ ప్యారలల్‌లో, 48 వోల్టులదానికి సిరీస్‌లో కలపడం సరైన పద్ధతి. మూడు ప్లేట్లు సిరీస్‌లో వేసి వోల్టేజి తగ్గించే రకం కంట్రోలర్ వాడేవారూ ఉన్నారు. కానీ అది 66 వోల్టులవుతుంది. పొడిగా ఉన్నప్పుడు ముట్టుకున్నా ప్రమాదం లేదని లెక్కించే 60 వోల్టుల డీసీ గీత దాటిపోతుంది. చెమట చేతులతో, వానలో తడిసిన బండి దగ్గర ఆ గీతకు చాలా ఇవతలే ఉండడం మేలు.

కంట్రోలర్ సెట్టింగు 42 దగ్గర కాకుండా 41 దగ్గర పెట్టేవారు బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుందంటారు. ఆ మాటలో నిజముంది.

కొక్కెం దగ్గరి వైరు

ఇళ్ల మీది సోలార్‌కు లేనిది, ట్రైలరుకు ఉన్నది కదలిక. ప్రతి గతుకుకూ, ప్రతి స్పీడుబ్రేకరుకూ సైకిలు ఒకలా, బండి ఒకలా ఊగుతాయి. మలుపులో రెండింటి మధ్య కోణం మారుతుంది. వైరు ఆ సందులోంచే రావాలి. పైపు అంచుకు రోజూ కొద్దికొద్దిగా ఒరుసుకుని తొడుగు పలచబడుతుంది, ముందు నల్లటి పొడి రాలుతుంది, తర్వాత రాగి మెరుస్తుంది. చూడవలసిన చోటు అదే.

కంట్రోలర్‌ను బండి మీద పెట్టాలా, సైకిలు మీద పెట్టాలా అన్నదానిపై రెండు వాదాలున్నాయి. బండి మీద పెడితే ప్లేట్లకు దగ్గర, తక్కువ వోల్టేజి వైరు పొట్టిగా ఉండి నష్టం తగ్గుతుందని మొదటి వాదం. లెక్క ప్రకారం సరే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రానూ పోనూ 6 మీటర్లు, 11 ఆంపియర్లకు పోయేది సుమారు 0.3 వోల్టు మాత్రమే. 18లో అది రెండు శాతం లోపు. ఆ కాస్త ఆదా కోసం కొక్కెం మీదుగా బ్యాటరీ వైరు నడపాల్సి వస్తుంది. ఆ వైరు చట్రానికి తగిలి షార్టయితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరించగలదు. తొడుగు కరిగి మంట పుడుతుంది. కంట్రోలర్ సైకిలు మీద, బ్యాటరీ పక్కనే ఉంటే కొక్కెం దాటి వచ్చేది ప్లేట్ల కరెంటే. రెండు ప్లేట్లూ కలిసి షార్టయినా 12 ఆంపియర్లు. మందపాటి వైరు దాన్ని తేలిగ్గా మోస్తుంది. బండి ఊడదీసినప్పుడు ముందుగా ప్లేట్లు విడిపోవడం కూడా కంట్రోలర్‌కు మంచిదే. బ్యాటరీ ముందు కలపాలి, ప్లేట్లు తర్వాత. విప్పేటప్పుడు ప్లేట్లు ముందు. ఈ క్రమం తప్పితే చవకరకం బోర్డులు కాలిపోతాయి. అన్నీ బేరీజు వేస్తే రెండో పద్ధతే భద్రంగా తోస్తుంది.

వైరు ఇంటి వైరింగుకు వాడే రకం కాకూడదు. ఎండలో దాని తొడుగు బిరుసెక్కి పగులుతుంది. కళాయి పూసిన రాగి పోగులతో, రెండు పొరల తొడుగుతో వచ్చే సోలార్ డీసీ కేబుల్ ఎలక్ట్రికల్ షాపుల్లో ఎరుపు, నలుపు రంగుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. కొక్కెం దగ్గర వైరును సాగదీసి కట్టకుండా, మలుపు పూర్తిగా తిరిగినా లాగనంత వదులుగా ఒక చుట్ట వదలాలి. దానికి రబ్బరు గొట్టం తొడగాలి. వైరు చివర గట్టిగా పట్టి ఉంచే బిగింపు రెండు వైపులా ఉండాలి, లాగుడు ప్లగ్గు మీద పడకూడదు. పోగులు మెలేసి నల్ల టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎండకు టేపు జిగురు కారి నాలుగు రోజుల్లో విప్పుకుంటుంది. టంకం పెట్టిన జాయింటు కూడా ఊపుకు ఆగదు. టంకం పోగుల్లోకి పీల్చుకుని ఎక్కడ గట్టిపడుతుందో సరిగ్గా ఆ అంచున వైరు విరుగుతుంది. సరైన క్రింపింగ్ పట్టకారుతో లగ్గు నొక్కడమే నిలిచే పని.

మోటారుసైకిలు మెకానిక్కులకు బాడీ ఎర్తు అలవాటు. నెగటివ్‌ను చట్రానికి కలిపి ఒక వైరు మిగుల్చుకుంటారు. ట్రైలరుకు అది చేయరాదు. రెండు వైర్లూ చట్రానికి అంటకుండా విడిగా నడిస్తేనే ఒకచోట తొడుగు చిరిగినా షార్టు కాదు. ప్లేట్లకు, బ్యాటరీకి ఒకే రకం ప్లగ్గు వాడకపోవడం మరో జాగ్రత్త. చీకట్లో తడిమి పెట్టినా పొరపాటు జరగదు.

ఫ్యూజు, స్విచ్చి

చాలామంది ప్లేటు వైపు ఫ్యూజు పెట్టి నిశ్చింతగా ఉంటారు. ఒకటి రెండు ప్లేట్లకు అది దాదాపు అలంకారమే. పనిచేసే కరెంటుకూ షార్టు కరెంటుకూ తేడా అర ఆంపియరే కాబట్టి అది ఎగరదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్యారలల్‌లో ఉన్నప్పుడు మాత్రం ఒక్కోదానికి ఫ్యూజు అవసరం, మంచివన్నీ కలిసి చెడిన దానిలోకి కరెంటు తోయకుండా. తప్పనిసరి ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ దగ్గర, జానెడు దూరం లోపల ఉండాలి. 200 వాట్లకు 10 ఆంపియర్లది చాలు. కార్ల షాపులో దొరికే ఫ్యూజుల మీద 32 వోల్టులని రాసి ఉంటుంది. 42, 54 వోల్టుల దగ్గర అవి కరిగినా మెరుపు ఆరకపోవచ్చు. 58 లేదా 80 వోల్టుల రకం అడిగి తీసుకోవాలి.

ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ కూడా ఇదే కారణంగా చాలదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా తాకుతుంది కాబట్టి మెరుపు తనంతట ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. ప్లేట్లకు వాడే ఎంసీ4 ప్లగ్గులను కరెంటు పారుతుండగా లాగకూడదు. డీసీ స్విచ్చి ఆపేశాక తీయాలి, లేదా ప్లేట్ల మీద మందపాటి దుప్పటి కప్పాలి.

వేడి, వాన

ప్లేటు సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. రోహిణి కార్తెలో గాలే 43 డిగ్రీలుంటే ప్లేటు 65, 70 దాకా కాగుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఆరోవంతు రాబడి ఆవిరి. అంతకంటే పెద్ద సంగతి బ్యాటరీది. సాధారణ లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదని తయారీదారులు చెబుతారు. ఎండ బాగా కాసే వేళే బ్యాటరీ ఛార్జింగుకు తగని వేళ కావడం ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య. చల్లని దేశాల అనుభవంతో రాసిన సూచనల్లో ఇది కనిపించదు. బ్యాటరీ బండి మీదే ఉంటే ప్లేటుకు ఆనించి కట్టకుండా నాలుగు వేళ్ల గాలిసందు వదలడం, మే నెలలో ఉదయం పదకొండు దాకా ఛార్జి చేసి మిట్టమధ్యాహ్నం స్విచ్చి ఆపడం, పెట్టెలో చిన్న థర్మల్ స్విచ్చి పెట్టడం దారులు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగులో ఉన్న ఈ-స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. తర్వాత కంపెనీ వాహనాల బ్యాటరీలకు ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేశారు. చేత్తో కట్టుకున్న బండి బ్యాటరీకి ఆ తనిఖీ చేసేవారెవరూ లేరు. పడకగదిలో ఛార్జి చేయకపోవడం కట్టుకున్నవారి బాధ్యతే.

వానాకాలానికి ఒక చిన్న ఉపాయం చాలు. పెట్టెలోకి వెళ్లే ప్రతి వైరూ కింది నుంచి, ముందు కాస్త దిగి మళ్లీ ఎక్కేలా వంచితే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అరగంట సామర్థ్యం 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆగిపోయే పెడల్ సైకిలు మోటారు వాహనం కాదు. తగిన బ్రేకులు, వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు ఉండాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. గాజు ప్లేట్లు ఒక్కోటి 7, 8 కిలోలు తూగుతాయి. దానికి ఇనుప చట్రం తోడైతే హద్దు త్వరగా దగ్గరపడుతుంది. బండిని కలుపుకుని కూడా ఆ లోపల ఉండేలా కట్టుకోవడం క్షేమం. బండి వెనక ప్లేట్ల వెడల్పు తెలిసేలా రెండు చివర్లా ఎర్ర రిఫ్లెక్టర్లు బిగించాలి. మధురపూడి విమానాశ్రయం వైపు సాయంత్రం వేగంగా వెళ్లే కార్లకు నేలబారుగా ఉన్న నల్లటి ప్లేటు దూరం నుంచి కనబడదు.