క్విడిటాస్: ప్రశ్ననుండి పుట్టిన పదము

నిప్పునకు వేడిమి స్వభావమందుము. అంతటితో నిలువక, ఫలానా జాతివారి స్వభావమిది, స్త్రీల స్వభావమిది యని మనుష్యులకును దానిని అంటగట్టుచున్నాము. ఈ వాడుకలోని మంచిచెడ్డలను విచారించుటకు ఐరోపా పండితుల వింతపద మొకటి తోడ్పడునని తలచి, దాని చరిత్రను చదువరులకు నివేదించుచున్నాము.

ఆ పదము 'క్విడిటాస్'. లాటినుభాషలో 'క్విడ్' అనగా 'ఏమి'. భావార్థక ప్రత్యయము చేరగా అది 'ఏమిటితన'మైనది. 'ఇది యేమి?' యను ప్రశ్నకు వచ్చు సరియైన యుత్తరమే వస్తువుయొక్క క్విడిటాస్. మన 'తత్త్వము' దీనికి దగ్గరి చుట్టము. 'తత్' అనగా 'అది', తత్త్వమనగా 'అదితనము'. మనవారు వస్తువును వ్రేలితో చూపి పేరు పెట్టిరి. వారు ప్రశ్నించి పెట్టిరి.

ఈ ప్రశ్నకు పుట్టినిల్లు గ్రీకుదేశము. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) వస్తుసారమును ప్రశ్నరూపమైన పదబంధముతోనే చెప్పెను. ఇబ్న్ సీనా (980–1037) అరబ్బీలో 'మా హియ', అనగా 'అది యేమి', అను మాటలనుండి ఏర్పడిన 'మాహియ్య' యను పదమును వాడెను. వస్తువు ఏమైయున్నదనుట వేరు, అది యున్నదనుట వేరని ఆయన విడదీసెను. 12వ శతాబ్దమున స్పెయినులోని టొలీడో నగరమందు ఆయన గ్రంథములు లాటినులోనికి పరివర్తనము చెందెను. 13వ శతాబ్దమున తామస్ అక్వినాస్ మొదలగువారి రచనలలో క్విడిటాస్ స్థిరపడెను. ఇంగ్లీషులో నిదియే 'క్విడిటీ'గా మారి, సారమను నర్థముతోపాటు మాటల మెలిక యను నర్థమును గూడ పొందినది. ప్రశ్న మరచిన పాండిత్యమునకు తగిన శాస్తియే యిది!

శాస్తి మాటకే పరిమితమైన నష్టము లేకపోవును. కొందరు స్వభావముచేతనే బానిసలని అరిస్టాటిల్ వ్రాసియుండెను. 1550–51లో స్పెయినులోని వల్యదొలీదు నగరమున సెపుల్వేదా యను పండితుడు ఆ వాక్యమునే ఆధారము చేసికొని, అమెరికా ఆదిమవాసులను లోబరచుకొనుట న్యాయమని వాదించెను. ఆయన అమెరికాను కన్నులార చూచి యెరుగడు. ఆ జనుల నడుమ ఏండ్లతరబడి మెలగిన లాస్ కాసాస్ అను మతగురువు, వారును బుద్ధిమంతులైన మానవులే యని యెదిరించెను. ఒకడు గ్రంథమునడిగెను, వేరొకడు మనుష్యులను చూచెను.

మన యిండ్లలో బాలికను బడి మాన్పించుచు 'ఆడువారి స్వభావమింతే' యనునపుడు మనమెవరి పక్షమున నున్నామో యోచింపవలదా? ఆమె యేమి కాగలదో అడుగకమునుపే ఉత్తరము చెప్పుట తత్త్వజ్ఞానము కాదు. పలకయిచ్చి చూచిన తరువాత స్వభావమునుగూర్చి మాటలాడుదము.